దుప్పటికి రెండో కొస

ఫిబ్రవరి 6

పిచ్చుకా,

“ఇక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను” అని మొదలుపెట్టబోయాడు టైలరు. కొట్టెయ్యమన్నాను. మీ అమ్మ పక్క ఇంకా ఎత్తని గదిలో కూర్చుని క్షేమమని రాయిస్తే నా కళ్ళు పోవూ?

రాస్తున్నది మా కింది వాటాలో ఉండే టైలరు. మన భాషవాడే. నాకు అక్షరమ్ముక్క రాదని నీకు తెలిసిందే. చెప్పింది చెప్పినట్టు రాయాలి, మధ్యలో సొంత నగిషీలు చెక్కకూడదు అని ముందే కట్టడి చేశాను. దానికి బదులు అతనికి కాజాలు కుట్టిపెడుతున్నాను. ఇప్పుడూ ఒళ్ళో ఎవరిదో చొక్కా ఉంది.

ఫోన్ చేస్తే ఎత్తవు. అంత్యక్రియల రోజు కూడా నన్ను చూసి గోడవైపు తిరిగావు. సరే, దుఃఖం నీది, గోడ నీది. కానీ ఉత్తరం గుమ్మంలో పడి ఉంటుంది. దాన్ని దాటుకుని ఎన్నాళ్ళు తిరుగుతావో చూస్తాను.

అసలు సంగతి. మీ అమ్మా నేనూ పనిచేసిన లాండ్రీ కంపెనీవాళ్ళు విచారణ అధికారికి కాగితం ఇచ్చారు. “తోటి పనిమనిషి ఆమెను వదిలేసి వెళ్ళింది, అందుకే మిషను ఆపేవాళ్ళు లేక ప్రాణం పోయింది” అని. తోటి పనిమనిషి అంటే నేను. మార్చి ఆఖరున మళ్ళీ పిలుస్తున్నారు. ఈసారి నా నోటితోనే, వాళ్ళ స్పానిష్‌లోనే చెప్తాను. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి నాకు వచ్చిందల్లా రొట్టె, నీళ్ళు, బస్సు, దండం. నువ్వు బళ్ళో ఆ భాష నేర్పే పంతులమ్మవి. ఊరికే భాషంతా నేర్పమనడం లేదు. ఒక్క మాట కావాలి. వదలడం. అది కూడా జరిగిపోయినట్టు చెప్పాలి.

ఒక్క మాట అప్పివ్వలేనంత పరాయిదాన్నయిపోలేదు నేను.

నీ పెద్దమ్మ
(కింద నా వేలిముద్ర. సిరా వదలడం లేదు, చొక్కాకి అంటుతుందని టైలరు లబలబలాడుతున్నాడు.)


ఫిబ్రవరి 15

పెద్దమ్మగారికి,

ఉత్తరం అందింది. కంపెనీవాళ్ళు ఇచ్చిన కాగితం నకలు నాకూ వచ్చింది. చదివాను. పోయిన విచారణలో మీరు చెప్పినది కూడా అందులోనే ఉంది. “మేస్త్రీ మీకేం చెప్పాడు?” అని అడిగితే “ఏమీ చెప్పలేదు” అన్నారట. ఇంక ఇప్పుడు కొత్తగా చెప్పడానికేముందో నాకు తెలియదు.

మీరడిగిన మాట “దెహార్”. హ అనేటప్పుడు గొంతులోంచి గాలి రావాలి, అద్దం మీద ఊదినట్టు. నేను వదిలాను అనడానికి “దెహే”. ఆమెను వదిలాను అనడానికి “లా దెహే”. కాగితంలో ఉన్న మాటా ఇదే, మనిషి మారుతుంది, అంతే. “లా దెహో”, ఆమెను వదిలింది.

మీ అవసరానికి ఇది సరిపోతుందనుకుంటాను. చిన్న వాక్యమే, కష్టపడకుండా వస్తుంది. బంధువులు దుబాసీగా ఉండకూడదని నియమం ఉంది కాబట్టి నన్ను రమ్మని అడగవద్దు.

ఉంటాను.


ఫిబ్రవరి 24

ఏమే పిచ్చుకా,

ఈ “మీరు” ఎక్కడ నేర్చుకున్నావే? నీ పేలు కుక్కినదాన్ని, నీ జడలు వేసినదాన్ని. “పెద్దమ్మగారు” అట! టైలరు అది చదువుతుంటే గుమ్మంలోకి ఇంకెవరైనా వచ్చారేమో అని వెనక్కి తిరిగి చూశాను.

నేను కాదని చెప్పడానికి మాట అడిగితే నువ్వు అవునని చెప్పే మాట పంపావు. కంపెనీవాళ్ళకి వకీలు ఉన్నాడు కదా, ఆయన చాలడా, నువ్వు కూడానా? వినవే. నేను మీ అమ్మని వదల్లేదు. ఈ ముక్క ఎలా చెప్పాలో చెప్పు.

ఇక “ఏమీ చెప్పలేదు” సంగతి. దుబాసీ అని ఒకణ్ణి పెట్టారు. మనిషి లేడు, బల్లమీద ఫోన్ ఉంది. అందులోంచి ఒక గొంతు వస్తుంది. “మేస్త్రీ ఏం చెప్పాడమ్మా?” అంది ఆ గొంతు. “ఏమీ చెప్పలేదు, ఇదిగో ఇలా అన్నాడు” అని గడ్డం పైకెత్తి చూపించాను. ఫోనుకి నా గడ్డం కనిపిస్తుందా? “ఏమీ చెప్పలేదు” అన్నంతవరకు పట్టుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టాడు. నేను మాత్రం ఎంత బాగా చెప్పానో అని ఇంటికొచ్చి టీ పెట్టుకుని తాగాను.

నీకు మా పని ఎలా ఉంటుందో తెలియదు. మీ అమ్మ చెప్పి ఉండదు, నీ ఫీజుల కాలంలో ఏం చెప్పినా నువ్వు చదువు మానేస్తానంటావని. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు తడితడిగా వస్తాయి. లోపల నిప్పులా కాలే పెద్ద రోలరు ఉంటుంది, మనిషి నడుమంత లావు. చెరో మూల పట్టుకుని అంచు అందించాలి, అది లాక్కుంటుంది, అప్పుడు వదలాలి. నేను కుడిమూల, మీ అమ్మ ఎడమమూల. రోలరు ముందర అడ్డంగా ఒక ఇనపకడ్డీ ఉంటుంది. చెయ్యి లోపలికి పోబోతే ముందు ఆ కడ్డీకి తగులుతుంది. తగిలిందా, మిషను ఠక్కున ఆగిపోవాలి. అదే మా ప్రాణానికి కాపలా.

ఆ మోతలో మాట వినపడదు. పక్కపక్కన నిలబడితే తప్ప చెవికేదీ ఎక్కదు. అందుకని అక్కడ అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. పిడికిలి ఎత్తితే ఆపు. అరచెయ్యి కిందికి ఊపితే నెమ్మది. రెండు పిడికిళ్ళు దగ్గర పెట్టి లాగితే కట్టెయ్. రెండూ విడదీస్తే విప్పు. మేస్త్రీ అయితే చేతులు కూడా ఎత్తడు. మనం అడిగితే గడ్డం ఎత్తుతాడు. అంటే కానియ్ అని. ఆయన గడ్డమే ఆయన నోరు. మరి నాకు వాళ్ళ భాష రాలేదంటే రాదా?

ఆ రోజు ఆ కడ్డీ గుడ్డపేలికతో వెనక్కి కట్టేసి ఉంది. అది నేను చెప్పాలి. విప్పనివ్వలేదు, అదీ చెప్పాలి. ఇంకొకటి కూడా ఉంది. మీ అమ్మ అరిచింది. కాసేపటికి అరవడం మానేసింది. దానికేమంటారో కూడా రాయి.

నీ పెద్దమ్మ

(అమ్మా, నేను టైలర్ని. ఈ ఆఖరి మాట చెప్పించాక ఆవిడ కుడుతున్న కాజా విప్పేసి మళ్ళీ మొదటినుంచి కుట్టారు. ఇది రాసినట్టు ఆవిడకి చెప్పలేదు.)


మార్చి 4

పెద్దమ్మగారికి,

కడ్డీ కట్టేసి ఉందన్న సంగతి కంపెనీ కాగితంలో ఎక్కడా లేదు. నాకు ఎవరూ చెప్పలేదు. మీరడిగినవన్నీ రాస్తాను. నమ్మానని కాదు. అడిగినవాళ్ళకి చెప్పకపోవడం నా వృత్తిలో లేదు.

విచిత్రమేమిటంటే మీకు కావలసినవన్నీ ఆ ఒక్క మాటతోనే అవుతాయి. మా బళ్ళో పిల్లలు కూడా దీన్ని చూసి తికమకపడతారు. దెహార్ అంటే వదలడమే కాదు, ఉంచడం, పోనివ్వడం, చెయ్యనివ్వడం, మానడం కూడా.

నేను ఆమెను వదల్లేదు: నో లా దెహే.
మమ్మల్ని విప్పనివ్వలేదు: నో నోస్ దెహో దెసతార్లా.
కడ్డీని కట్టి ఉంచారు: లా బార్రా, లా దెహారోన్ అతాదా.

జరిగినవాటిని ఆ భాషలో రెండు తీర్లుగా చెప్తారు. ఒక్కసారి జరిగి అయిపోయినది దెహో. రోజూ జరిగేది, మొదలూ చివరా తెలియనిది దెహాబా. మేస్త్రీ మిమ్మల్ని ఆ రోజు విప్పనివ్వలేదంటే నో నోస్ దెహో. ఎప్పుడూ విప్పనిచ్చేవాడే కాదంటే నో నోస్ దెహాబా. ఈ తేడా అధికారికి ముఖ్యం. ఏ రోజు సంగతి, ఎన్నాళ్ళ సంగతి అన్నది దీన్నిబట్టే తెలుస్తుంది.

మీరడిగిన ఆఖరిది, అరవడం మానేసింది అన్నది. దానికీ ఇదే మాట. దెహో దె గ్రితార్. ఇది నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో. ఏడవడం మానేశాడు, తాగడం మానేశాడు, వాన మానేసింది అని పిల్లలచేత చదివించాను. ఇక ఎప్పుడూ చదివించలేను. దయచేసి దీని గురించి మళ్ళీ అడగకండి.

నాకూ ఒక ప్రశ్న ఉంది. ఆ కడ్డీని కట్టిందెవరు?


మార్చి 11

పిచ్చుకా,

నో లా దెహే. నో లా దెహే. నో లా దెహే. పొద్దున లేచి మొహం కడుక్కుంటూ అద్దం మీద ఊదుతున్నాను. పక్కింటావిడ గోడ తడుతోంది. నేను తెలుగులో నాలుగు తగిలించాను, ఊరుకుంది. తిట్టు మాత్రం ఏ భాషలో తిట్టినా అర్థమవుతుంది చూడు.

ఒక్క మాట ఇన్ని పనులు చేస్తుందా! పెద్ద కాపరంలో కోడలిలాగ ఉంది. అంట్లు అదే తోమాలి, పిల్లలనదే ఎత్తుకోవాలి. అన్నట్టు మీ అమ్మకీ “లా”నే, ఆ ఇనపకడ్డీకీ “లా”నేనా? మనిషికీ ఇనుముకీ తేడా పెట్టని భాష ఏం భాషే? ఈ మాట అంటే టైలరు, “మనం మాత్రం ‘అది’ అనడం లేదా పెద్దమ్మగారూ, ఆడమనిషినీ బర్రెనీ?” అన్నాడు. నోరు మూసుకుని రాయి అన్నాను. అది కూడా రాసేశాడు.

నీ రెండు తీర్ల సంగతి నాకు ఎంతకీ ఎక్కలేదు. దెహోకీ దెహాబాకీ తేడా ఏమిటి, రెండూ పోయినవే కదా అన్నాను. టైలరు సూది చూపించాడు. టాకాలు వేసుకుంటూ పోతున్నామనుకోండి, అది దెహాబా. చివర ముడేసి దారం తెంపితే, అది దెహో అన్నాడు. అప్పుడెక్కింది. మీ అమ్మా నేనూ పక్కపక్కన నిలబడి దుప్పట్లు అందించడం, పగలు బల్లమీద ఒకే డబ్బాలోంచి తినడం, బస్సులో నా భుజంమీద నిద్రపోవడం, ఇంటికొచ్చాక మన దుప్పటి చెరో కొసా పట్టుకుని మడవడం, నేను “వదులు” అంటేగాని మీ అమ్మ కొస వదలకపోవడం, ఇదంతా టాకా. ఆ మధ్యాహ్నం ముడి.

టైలరుకి ఈ పోలిక తనదేనని గర్వంగా ఉంది. ఈ వారం కాజాలు ఎక్కువిచ్చాడు.

కడ్డీ సంగతి అడిగావు. అది విచారణలో అడుగుతారు కదా, అక్కడ చెప్తాను. నువ్వు నాకు సరిగ్గా నేర్పడం వరకే చూసుకో. నిద్రపోతున్నావా? మీ అమ్మలాగే నీకూ చలికి కీళ్ళు పట్టేస్తాయి, కాళ్ళకి మేజోళ్ళు వేసుకుని పడుకో.

నీ పెద్దమ్మ


మార్చి 17

పెద్దమ్మగారికి,

ఇవాళ విచారణ కచేరీనుంచి ఫొటోలు వచ్చాయి. రోలరు, స్తంభం, స్విచ్చి. ఒక ఫొటోలో ఆ కడ్డీ, దానికి కట్టిన గుడ్డ.

ఆకుపచ్చమీద తెల్లచుక్కలు. అది అమ్మ తలకట్టు. నా మొదటి జీతంతో నేను కొనిచ్చినది. అంచు పొడుగునా చింపి కట్టారు. ఆ ముడి కూడా నాకు తెలుసు. లాగినకొద్దీ బిగుసుకుంటుంది, ఒక కొస పీకితే ఊడి వస్తుంది. చిన్నప్పుడు నా పుస్తకాల మూటకి అమ్మ అదే ముడి వేసేది. బళ్ళో ఎవరికీ వచ్చేది కాదు.

కట్టింది అమ్మే. ఇది మీకు తెలుసు. తెలిసి, నేను సూటిగా అడిగితే మేజోళ్ళ గురించి రాశారు. “కట్టి ఉంచారు” అని నాచేత వాక్యం రాయించుకున్నారు. వాళ్ళమీద మోపడానికి నా చదువు వాడుకున్నారు. మొదటి కాగితంలో మీరు వదిలేశారని చదివాను. ఇప్పుడు అమ్మ చావుకి అమ్మే కారణమని ఫొటో చెప్తోంది. ఈ రెంటిలో ఏది తక్కువ బాధో మీరే చెప్పండి.

ఇంతవరకు నేర్పినది చాలు. ఇక రాయకండి.


మార్చి 20

రాయకండి అన్నావు. రాయిస్తాను. నా నోరు కట్టడానికి మీ అమ్మ వేసే ముడి నీకు రాదు.

అవును. మీ అమ్మే కట్టింది. ఆ మాట నీకు తెలియకుండా ఈ విచారణ దాటించేద్దామనుకున్నాను. పోయినదాని చేతిమీద వేలు పెట్టి నేనే చూపించనా, అదీ దాని కూతురికి? అందుకని మేజోళ్ళ గురించి రాయించాను. మళ్ళీ అయినా అదే చేస్తాను.

ఇప్పుడు పూర్తిగా విను. టైలరూ, నువ్వు కళ్ళు తుడుచుకోవడం తర్వాత, రాయి.

తడి ఎక్కువున్న దుప్పటి ముద్దకట్టి ఆ కడ్డీకి తగులుతుంది. మిషను ఆగుతుంది. ఎవరి వేళ్ళూ లేకపోయినా ఆగుతుంది. ఆగినప్పుడల్లా మేస్త్రీ మా వైపు చూసేవాడు. మీ అమ్మవైపు కాదు, నావైపు. నా చేతులు ఈ మధ్య వణుకుతున్నాయి, అంచు సరిగా అందించలేకపోతున్నాను. ముసలిదాన్ని పంపించేస్తాడని మీ అమ్మకి బెంగ పట్టుకుంది. ఒకనాడు మిషను ఆగింది, ఆయన నావైపు వస్తున్నాడు. మీ అమ్మ అడ్డం వెళ్ళి రెండు పిడికిళ్ళు దగ్గర పెట్టి లాగి చూపించింది, కడ్డీ కట్టెయ్యనా అని. ఆయన గడ్డం ఎత్తాడు. తల మీది గుడ్డ తీసి, అంచు చింపి, కట్టింది. నాకోసం కట్టింది. నీకిప్పుడు అర్థమైందా ఎవరిమీద కోపం పెట్టుకోవాలో?

ఆయన నోరు తెరవలేదు. ఏమీ చెప్పలేదు. అది నిజం. నేను అబద్ధం ఆడలేదు.

తర్వాత మీ అమ్మకే భయమేసింది. పొద్దున మిషను వేసేముందు పిడికిళ్ళు విడదీసి చూపించేది, విప్పేస్తాను అని. ఆయన వేలు అడ్డంగా ఊపేవాడు. మర్నాడూ అంతే. ఇది దెహాబానే కదా? టాకా. చెయ్యి పోయిననాడు కూడా పొద్దున అడిగింది.

ఇక వదిలానన్నది. మీ అమ్మ ఎడమచెయ్యి పోయింది లోపలికి. నేను దాని నడుం రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగుతున్నాను. స్విచ్చి స్తంభానికి ఉంది, నువ్వు ఫొటోలో చూశావుగా ఎంత దూరమో. దాన్ని వదిలితేగాని నాకు అందదు. అరిచాను. అందరి వీపులూ ఇటే. ఆ మోతలో అరుపెవరికి వినిపిస్తుంది? మేం కళ్ళతో వినేవాళ్ళం. ఒక్కరు తిరిగి చూడాలి, ఒక్కరూ తిరగలేదు. పిడికిలి ఎత్తుదామంటే చెయ్యి ఖాళీ లేదు. “వదలకు అక్కా” అంది. అదొక్కటే నాకు వినిపించింది. వదలకు అంది, వదల్లేదు. వదిలి పరుగెత్తి ఉంటే బతికేదేమో. నేను వదిలేశానని కాగితం రాసినవాడికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలియదు, నేను వదల్లేదు, వదల్లేకపోయాను. మేస్త్రీ వచ్చి మిషను ఆపాక ఇద్దరు మగవాళ్ళు నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశారు. నన్ను గోడవారకు ఈడ్చి కూర్చోబెట్టారు. తర్వాత వచ్చినవాళ్ళందరూ నన్ను ఆ గోడ దగ్గరే చూశారు. అక్కడ పుట్టింది ఆ కాగితం.

ఇప్పుడు నువ్వు పంతులమ్మవి కదా, చెప్పు. నేనేం చెయ్యాల్సింది?

వేలిముద్ర వెయ్యడం లేదు. నేనేనని నీకు తెలుసు.


మార్చి 24

పెద్దమ్మా,

నువ్వేం చెయ్యాల్సిందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. నాలుగు రోజులుగా ఆ ఒక్క వాక్యంతోనే తిరుగుతున్నాను.

వద్దామనుకున్నాను. పరీక్షల కాలమని బడివాళ్ళు పంపలేదు. నో మె దెహారోన్. చూశావా, నాకూ అదే మాట.

నీ వాక్యాలు సరిగ్గానే ఉన్నాయి. నెమ్మదిగా చెప్పు, ఒక్కొక్కటీ చెప్పి ఆగు. “మి ఎర్మానా” అంటే నా చెల్లెలు. ఎవరు కట్టారని అడుగుతారు. అమ్మ పేరు చెప్పడానికి భయపడకు. దాచకు. దాచితే వాళ్ళే బయటపెడతారు, అప్పుడు మిగతాదేదీ నమ్మరు. ఆ ఫోన్ దుబాసీని మాత్రం వద్దను.

గడ్డం ఎత్తడాన్ని ఎలా చెప్పాలో రాద్దామని రెండు పేజీలు రాసి చింపేశాను. నా నేర్పుకి అది అందలేదు. నువ్వే చూసుకో.

కాళ్ళకి మేజోళ్ళు వేసుకుంటున్నాను.

పిచ్చుక


ఏప్రిల్ 2

పిచ్చుకా,

నిన్ననే రాయిద్దామంటే టైలరు ఎవరిదో పెళ్ళికోటు పనిలో ఉన్నాడు. ఎవరి గొడవ వాళ్ళది.

గది చిన్నది. కిటికీ పక్క అధికారి, ఆయన పక్కన టైపు కొట్టే పిల్ల. ఇటు నేను, వెనక బెంచీమీద మా లాండ్రీలో మూటలు కట్టే లావుపాటామె. అటువైపు వకీలు, వకీలు పక్కన మేస్త్రీ. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆ చొక్కా ఎవరు ఇస్త్రీ చేశారో అనుకున్నాను.

బల్లమీద ఫోన్ పెట్టారు. తీసి పక్క కుర్చీలో బోర్లించాను. “దీనికి కళ్ళు లేవు” అన్నాను, తెలుగులోనే. అధికారి ఏమనుకున్నాడో, ఊరుకున్నాడు.

నో లా దెహే అన్నాను. ఆగాను. మళ్ళీ అన్నాను. టైపు పిల్ల కొట్టింది, చప్పుడు విన్నాను. లా బార్రా, లా దెహారోన్ అతాదా. నో నోస్ దెహాబా దెసతార్లా. మీ అమ్మ అరుపు సంగతి చెప్పాల్సివచ్చింది. దెహో దె గ్రితార్ అన్నాను. ఆ పిల్ల కొట్టడం ఆపింది.

అధికారి అడిగాడు, ఎవరు కట్టారని. మి ఎర్మానా అన్నాను. వకీలు నవ్వాడు. పళ్ళు కనపడకుండా నవ్వే రకం. ఆమె తనంతట తానే కట్టిందా అని అడిగాడు, చేతులతో నెమ్మదిగా, మూగదానికి చెప్పినట్టు. అక్కడికి నువ్విచ్చిన మాటలు అయిపోయాయి పిచ్చుకా. మూట దులిపి చూసుకున్నాను, ఏమీ లేదు.

అప్పుడు నేను మేస్త్రీవైపు తిరిగాను. రోజూ తిరిగినట్టే తిరిగాను. రెండు పిడికిళ్ళు దగ్గర పెట్టి, లాగి, కనుబొమలు ఎత్తాను. కట్టెయ్యనా?

ఆయన గడ్డం ఎత్తాడు.

ఆలోచించలేదు. ఇన్నేళ్ళ అలవాటు, మెడ దానంతటదే లేచింది. లేచాక తెలిసింది ఆయనకి, మొహం ఉడికిన గుడ్డలా అయిపోయింది. వెనక లావుపాటామె ఫక్కున నవ్వి, ఆ నవ్వులోనే ఏడుపు అందుకుంది. వకీలు గబగబా ఏదో అన్నాడు. దురద పుట్టి తల ఎత్తాడని అన్నాట్ట, ఆమె తర్వాత బస్సులో సైగలతో చెప్పింది. అధికారి నన్ను మళ్ళీ చెయ్యమన్నాడు. ఈసారి పిడికిళ్ళు విడదీశాను, విప్పనా అని. మేస్త్రీ అరచేత్తో గడ్డం గట్టిగా మూసుకుని కూర్చున్నాడు, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. అధికారి చాలాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత టైపు పిల్లకి ఏదో చెప్పాడు. ఆ పిల్ల నావైపు చూసుకుంటూ కొట్టింది.

నేను మీ అమ్మని వదిలేశానన్న ముక్క కొట్టేశారు. గీత గీసి నాకు చూపించారు. నాకు చదవడం రాదు గాని గీత తెలుస్తుంది. మిగతా తీర్పు ఎప్పుడో చెప్తారట. ఎవరికి ఏం పడుతుందో నాకు తెలియదు.

నువ్వు సంతోషించావేమో, ఆగు. నిన్న లావుపాటామె వచ్చింది. రోలరు దగ్గర ఇద్దరు కొత్త ఆడపిల్లల్ని పెట్టారట. కడ్డీ మళ్ళీ కట్టేశారట. ఈసారి తెల్లగుడ్డతో, దుప్పటి రంగులో కలిసిపోయేలా. రేపు టైలర్ని తీసుకుని ఆ అధికారి గుమ్మంలో కూర్చుంటాను. నా దగ్గర ఇప్పుడొక మాట ఉంది. దాంతో ఎన్ని పనులు చెయ్యొచ్చో నువ్వే చెప్పావు.

నీ పరీక్షలు ఎప్పుడైపోతాయి? మీ అమ్మ పక్కమీద దుప్పటి ఇవాళ్టికి ఉతికాను. పెద్దది, ఆరింది, కుర్చీమీద కుప్పగా పడి ఉంది. ఒక్కదాన్నే మడవలేను, ఒక పక్క సరిచేస్తే ఇంకోపక్క నేలమీద పడుతోంది. టైలరు పట్టుకుంటానని చెయ్యి చాచాడు. ఆ కొస నీది కాదయ్యా అన్నాను.

వచ్చి రెండో కొస పట్టుకో. నేను వదులు అనేదాకా వదలకు.

నీ పెద్దమ్మ